చెప్పేవాళ్లు ఉండగానే విందాం



విశాఖపట్నం చూడ్డానికి వచ్చే బంధువులు రైలు దిగగానే అడిగే మొదటి మాట, "బీచి ఎంత దూరం?" రెండో మాట, "సబ్‌మెరైన్ లోపలికి వెళ్లనిస్తారా?" బీచి దగ్గరే. సబ్‌మెరైన్ లోపలికి వెళ్లనిస్తారు, టిక్కెట్టు కొనుక్కుంటే చాలు. కానీ గబగబా ఆ కొసనుంచి ఈ కొసకు నడిచేసి, మెట్ల దగ్గర ఫొటో దిగి, మొక్కజొన్న పొత్తు తింటూ ఆటో ఎక్కేసేవాళ్లను చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అంత దూరం వచ్చి అసలు సంగతి వినకుండా వెళ్లిపోతున్నారే అని. ఈ ఊరి సముద్రపు చరిత్రకు ఒక రోజు ఇవ్వండి, ఒక్క రోజు. ఆ రోజును ఎలా గడపాలో, ఎక్కడ నిలబడాలో, ఎవరిని పలకరించాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

పొద్దున్నే బయల్దేరి ముందు భీమిలి రోడ్డు పట్టండి. ఎడమచేతి వైపు తొట్లకొండ వస్తుంది. సబ్‌మెరైన్ చూద్దామని బయల్దేరితే బౌద్ధారామానికి తీసుకెళుతున్నాడేమిటి అనుకోకండి. ఆ కొండమీద నిలబడి తూర్పుకు చూడండి. కనుచూపు మేర నీళ్లే. రెండువేల ఏళ్ల కిందట భిక్షువులు అక్కడ విహారాలు కట్టుకున్నారు, రాతిలో నీటి తొట్లు తొలుచుకున్నారు. తరవాత అడవి కప్పేసింది, లోకం మరిచిపోయింది. 1970లలో మన నౌకాదళం స్థావరానికి చోటు వెతుకుతూ విమానంలోంచి సర్వే చేస్తున్నప్పుడు ఈ శిథిలాలు మళ్లీ కళ్లబడ్డాయి. 1988 నుంచి పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమను వెండి నాణేలు దొరికాయి. రోము ఎక్కడ, మన భీమిలి తీరం ఎక్కడ! ఆ వెండి ఇక్కడిదాకా వచ్చిందంటే దాని వెనక ఓడలున్నాయి, ఓడలు నడిపినవాళ్లున్నారు, ఒడ్డున సరుకు దింపినవాళ్లున్నారు.

శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెంమీద రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ వేయించుకున్నాడు. రాజు తన నాణెంమీద దేన్ని అచ్చు వేయిస్తాడు? దేన్ని చూసుకుని గర్వపడతాడో దాన్ని. ఆ తర్వాత వెయ్యేళ్లకు కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో, 1244 ప్రాంతంలో, ఒక అభయ శాసనం వేయించాడు. తుపానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు దాన్ని లాగేసుకునేవారు. మేము అలా చెయ్యం, రావలసిన సుంకం తప్ప మరేదీ ముట్టుకోం, సముద్రం మీద ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకులారా భయపడకండి అని ఆ శాసనం సారాంశం. నష్టపోయినవాడిని దోచుకోకూడదన్న మాటను రాతిలో చెక్కించి రేవులో నిలబెట్టిన రాజు మనవాడు. మన పిల్లలకు ఇది చెప్పకపోతే ఇంకేం చెబుతాం?

తొట్లకొండ దిగి మళ్లీ ఊళ్లోకి రండి. బీచి రోడ్డులో పాత డచ్చి బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది. 1991లో తెరిచారు. అక్కడ వస్తువులు చాలా ఉన్నాయి గానీ, నేనైతే ఒకదాని దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను. అది జపాను వాళ్లు వేసిన, పేలకుండా మిగిలిపోయిన బాంబు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంమీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడమీద కూడా. రేవుమీద దెబ్బ పడింది. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. అప్పటికే రంగం నుంచి, అదే రంగూన్ నుంచి, తెలుగువాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగొస్తున్నారు. ఉత్తరాంధ్రలో రంగం వెళ్లొచ్చిన మనిషి లేని ఊరు అరుదు. వాళ్లు ఓడెక్కింది ఇలాంటి రేవుల్లోనే. యుద్ధం మన గడపదాకా వచ్చిందనడానికి ఆ ఇనుప ముక్క సాక్ష్యం.

అంతకుముందూ వచ్చింది. 1804 సెప్టెంబరులో ఇదే తీరంలో, మనం సాయంత్రం వాహ్యాళికి వెళ్లే ఈ నీళ్లలోనే, సెంచూరియన్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకతో అడ్మిరల్ లినువా నడిపిన మూడు ఫ్రెంచి యుద్ధనౌకలు తలపడ్డాయి. అప్పట్లో ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకు చేర్చింది మన జాలర్ల పడవలు. మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు. అల వచ్చి గుద్దితే గట్టి చెక్క పగులుతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. ఈ తీరపు అలల్ని దాటడం ఏ దొర ఓడకూ చేతకాలేదు, మన పడవకు చేతనయింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాను.

మధ్యాహ్నం భోంచేసి కుర్సురా సబ్‌మెరైన్ దగ్గరకు రండి.

ఐ.ఎన్.ఎస్. కుర్సురా 1969 డిసెంబరు 18న అప్పటి సోవియట్ దేశంలోని రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది. పొడవు 91 మీటర్ల పైచిలుకు. ముప్ఫై ఒక్క ఏళ్లు కొలువు చేసి, 73,500 నాటికల్ మైళ్లు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. దాన్ని ముక్కలు చేసి తుక్కుకింద అమ్మేయకుండా నీళ్లలోంచి లాగి, ఇసుకమీద కాంక్రీటు దిమ్మెలపై నిలబెట్టారు. ఆ పనికి ఏడాదిన్నర పట్టింది. 2002 ఆగస్టులో జనానికి తెరిచారు. ఇసుకలో ఒక జలాంతర్గామిని నిలబెట్టి, ఉప్పుగాలి తినెయ్యకుండా ఇన్నేళ్లు కాపాడుకు రావడం చిన్న విషయం కాదు. ఆ పని చేసినవాళ్లందరికీ ఈ ఊరు రుణపడి ఉంది.

లోపలికి అడుగు పెట్టగానే ముందు తగిలేది ఇరుకు. తర్వాత చుట్టూ గొట్టాలు, చక్రాలు, మీటర్లు, ఎక్కడ చెయ్యి పెట్టినా ఇనుము. ముందు గదిలో టార్పెడో గొట్టాలు. ముందువైపు ఆరు, వెనకవైపు నాలుగు. మొత్తం ఇరవై రెండు టార్పెడోలు పట్టేవి. ఒక గదిలోంచి మరో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలో ముందు కాలు పెట్టి, తల వంచి, ఒళ్లు దగ్గర పెట్టుకుని దూరాలి. మనం నవ్వుకుంటూ మెల్లగా దూరతాం. ప్రమాదం గంట మోగినప్పుడు వాళ్లు ఆ కంతల్లోంచి పరుగెత్తేవాళ్లు. వెనకనున్న తలుపు క్షణాల్లో బిగించేవాళ్లు, అవతల ఎవరున్నా సరే. డెబ్భైమందికి పైగా మనుషులు ఇందులో వారాల తరబడి బతికారు.

అక్కడ మీకు దారి చూపించేవాళ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైన మనుషులు. ఈ మ్యూజియానికి అసలు ఆస్తి వాళ్లే అని నా నమ్మకం. వాళ్లు మాట్లాడేది పుస్తకంలో చదివింది కాదు. నేను వెళ్లిన ఒక మధ్యాహ్నం విజయనగరం వైపునుంచి వచ్చిన తల్లీకొడుకులు మా ముందు నడుస్తున్నారు. కుర్రాడికి పదేళ్లుంటాయి. వాడు బంకు పట్టుకుని నిలబడిపోయాడు.

"తాతగారూ, మీరు ఇందులోనే పడుకునేవారా?"

"ఇలాంటిదాంట్లోనే బాబూ. కింద టార్పెడో, పైన నేను. నేను డ్యూటీకి లేస్తే ఇంకొకడొచ్చి పడుకునేవాడు. పక్క చల్లారేది కాదు."

"మరి స్నానం?"

"నీళ్లేవి నాన్నా? సముద్రం నిండా నీళ్లే, తాగడానికి మాత్రం కొలిచి ఇచ్చేవాళ్లు. స్నానం సంగతి రేవుకొచ్చాకే."

"భయం వెయ్యలేదా?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. "మొదటిసారి లోపలికి మునిగినప్పుడు వేసింది. తర్వాత పనిలో పడిపోతాం. భయం కంటే ఇంటి బెంగ ఎక్కువ" అన్నాడు. వాళ్లమ్మ ఆయనకు చేతులెత్తి దండం పెట్టింది. ఆవిడ ఎందుకు దండం పెట్టిందో అక్కడున్న మా అందరికీ అర్థమైంది.

బ్యాటరీల సంగతి తప్పకుండా అడగండి. నీళ్లకింద డీజిలు ఇంజన్లు నడవ్వు, వాటికి గాలి కావాలి. బ్యాటరీలమీద నెమ్మదిగా కదలాలి. ఛార్జి తగ్గితే పైకొచ్చి, లేదా గాలిగొట్టం మాత్రం పైకెత్తి, ఇంజన్లు నడిపి మళ్లీ నింపుకోవాలి. శత్రువు కంటపడే సమయం అదే. బ్యాటరీలు నింపేటప్పుడు హైడ్రోజన్ వాయువు పుడుతుంది. అది పోగుపడితే ఒక్క నిప్పురవ్వ చాలు, సబ్‌మెరైన్ మొత్తం పోవడానికి. అంటే శత్రువు బయటే కాదు, కాళ్లకిందా ఉంటాడు. ఇది తెలుసుకున్నాక ఆ ఇరుకు గదులు మీకు వేరేగా కనిపిస్తాయి.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం గురించి చెప్పాలి. కుర్సురా దగ్గర క్యూలో నిలబడితే, "పాకిస్తాన్ ఘాజీని ముంచింది ఇదే" అని ఎవరో ఒకరు పక్కవాళ్లకు చెబుతూనే ఉంటారు. 2017లో వచ్చిన ఘాజీ సినిమా తరవాత ఆ మాట మరీ గట్టిపడింది. అది నిజం కాదు. 1971 యుద్ధంలో కుర్సురా అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది ఇక్కడ, విశాఖ రేవు ముఖద్వారానికి దగ్గర్లో, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడ్డానికి వచ్చింది ఘాజీ. తూర్పు నౌకాదళానికి అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను ముందే అండమాన్ వైపు తప్పించి, అది ఇక్కడే ఉందని శత్రువు నమ్మేలా చేశారు. రేవులోంచి బయటికి వస్తున్న రాజ్‌పుత్ అనే పాత నౌక నీటిలో పేలే బాంబులు వదిలింది. ఘాజీ ఆ దెబ్బకే మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. తాను పరచుకున్న మందుపాతరే పేలిందనీ, లోపల హైడ్రోజన్ అంటుకుందనీ అనేవాళ్లూ ఉన్నారు. ఏ కారణమైనా అందులో ఉన్న తొంభైమందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. వాళ్లూ బంకులు మార్చుకుంటూ నిద్రపోయినవాళ్లే. శత్రువే అయినా ఆ మాట తలుచుకోకుండా కుర్సురాలోంచి బయటికి రాలేను. గెలుపును గౌరవించడానికి అబద్ధం అక్కర్లేదు. పిల్లలకు నిజమే చెప్పండి, నిజం తక్కువదేం కాదు.

రోడ్డు దాటితే ఎదురుగా టి.యు. 142 విమానం. 1988 నుంచి 2017 దాకా ఇరవై తొమ్మిదేళ్లు సముద్రంమీద ఎగిరి శత్రు సబ్‌మెరైన్లను వెతికిన విమానమిది. ఒక్క ప్రమాదం లేకుండా కొలువు ముగించింది. వేటాడేదీ, వేటను తప్పించుకునేదీ రోడ్డుకు అటూ ఇటూ నిలబడి ఉన్నాయన్నమాట. పక్కనే 1971 అమరుల జ్ఞాపకంగా 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం. అక్కడ కాసేపు చెప్పులు విడిచి నిలబడండి చాలు, ప్రసంగాలు అక్కర్లేదు.

మీ ప్రయాణాన్ని నౌకాదళ దినోత్సవం రోజుల్లో పెట్టుకోగలిగితే మరీ మంచిది. 1971 డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవుమీద చేసిన దాడికి గుర్తుగా ఏటా డిసెంబరు 4న ఆ దినోత్సవం. ఆర్.కె. బీచిలో జరిగే విన్యాసాలు చూడ్డానికి శ్రీకాకుళం నుంచీ రాజమండ్రి నుంచీ కూడా జనం వస్తారు. హెలికాప్టర్లలోంచి తాళ్లమీద కమాండోలు జారడం, చిన్న నౌకలు తిన్నగా ఇసుకమీదికే వచ్చి ముక్కు తెరిచి సైనికుల్ని దింపడం, చీకటి పడ్డాక దూరాన నిలబడ్డ నౌకలన్నీ ఒక్కసారి దీపాలతో వెలగడం! 2022 డిసెంబరు 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము స్వయంగా ఇక్కడ కూర్చుని చూశారు. ఇటీవల ప్రధాన వేడుకను తీరం తీరానికీ మారుస్తున్నారు. 2023లో మహారాష్ట్ర సింధుదుర్గ్‌లో, 2024లో ఒడిశా పూరీలో జరిగింది. అందుకని ఆ ఏడాది విశాఖలో ఏమేం ఉన్నాయో ముందుగా కనుక్కోండి. ఇక్కడ ఉంటే మాత్రం ముందురోజుల్లో జరిగే రిహార్సల్సుకు వెళ్లండి. అసలు రోజున తలలు తప్ప ఏమీ కనపడవు. రిహార్సల్ రోజున పిల్లల్ని భుజానెక్కించుకుని తీరిగ్గా చూడొచ్చు. అదీగాక ఆ వారంలో కొన్ని యుద్ధనౌకల్లోకి విద్యార్థుల్ని అనుమతిస్తుంటారు. ఉపాధ్యాయులెవరైనా వింటుంటే దయచేసి ఈ అవకాశం వదలకండి. డెక్కుమీద పాతికేళ్ల నావికుడు తన చేతిలోని పరికరం ఎలా పనిచేస్తుందో చెబుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు.

అయితే ఈ వేడుకలో నాకొక లోటు కనిపిస్తుంది. మనం చూస్తున్నదంతా యుద్ధం. విశాఖ సముద్రం అంటే యుద్ధం ఒక్కటేనా?

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో మిస్టిక్ సీపోర్ట్ అనే నౌకా మ్యూజియం ఉంది. అక్కడ 1841 నాటి తిమింగలాల వేట ఓడను నీళ్లలోనే కాపాడుకుంటున్నారు. పడవలు చేసే పని చూపించేవాళ్లు, పాత పనిముట్లు వాడి చూపించేవాళ్లు ఉంటారు. చూడ్డానికి వచ్చినవాళ్లు వాళ్లతో మాట్లాడుతూ నేర్చుకుంటారు. మనకు అలాంటివాళ్లు లేరా? కుర్సురా నుంచి బీచి రోడ్డు వెంబడి కాస్త ముందుకు వెళితే పెద జాలారిపేట. అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన దగ్గర కూర్చోండి. దుంగలు తాళ్లతో కట్టి తెప్ప చెయ్యడం, ఆ తెప్పమీద అల దాటడం, నీటి రంగు చూసి చేప జాడ పట్టడం ఆయన చిన్నప్పుడు నేర్చుకున్న చదువు. ఫైబరు పడవలొచ్చాక తెప్పలు తగ్గిపోయాయి. తెప్ప కట్టడం తెలిసిన చేతులూ తగ్గిపోతున్నాయి. 1804లో ఇంగ్లీషు ఓడల సరుకు ఒడ్డుకు చేర్చిన నేర్పు ఆ చేతుల్లోనిది. మన వేడుకల్లో హెలికాప్టర్ల పక్కన ఒక్క తెప్పకు, ఒక్క కుట్టు పడవకు చోటు ఇవ్వలేమా? జాలర్లను పిలిచి, వేదిక ఎక్కించి, వాళ్ల పని వాళ్లచేతనే చూపించి, తగిన గౌరవం, తగిన డబ్బూ ఇవ్వాలని నా విన్నపం.

రేవు సంగతీ అంతే. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారి ఈ రేవులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభించాడు. పేర్లు దొరలవి, తేదీలు దొరలవి. బురద నేలను తవ్వినవాళ్ల పేర్లు, మాంగనీసు తట్టలు మోసినవాళ్ల పేర్లు ఏ ఫలకంమీదా నాకు కనబడలేదు. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ తరఫున ఇక్కడ నౌకా కర్మాగారం మొదలుపెట్టారు. బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగకుండానే జపాను బాంబులు. అయినా ఆ ప్రయత్నం అక్కడితో అయిపోలేదు. 1948 మార్చి 14న జల ఉషను ప్రధాని నెహ్రూ నీళ్లలోకి దింపారు. స్వతంత్ర భారతదేశంలో కట్టిన మొదటి పెద్ద ఓడ అది. తర్వాత ఆ కర్మాగారమే హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. ఇప్పటికీ కండక్టరు "సింధియా, సింధియా" అని కేకేస్తాడు. దిగేవాళ్లలో ఎంతమందికి ఆ పేరు వెనక కథ తెలుసో!

ఓడలు ఎల్లకాలం ఉండవు. ఘాజీ వేటాడ్డానికి వచ్చిన ఆ విక్రాంత్ ముంబయిలో కొన్నేళ్లు మ్యూజియంగా ఉండి, నిర్వహించలేక 2014లో తుక్కుకు పోయింది. విరాట్ అనే మరో విమానవాహక నౌకను మన విశాఖకే తెచ్చి మ్యూజియం చెయ్యాలని ప్రయత్నం జరిగింది, కుదరలేదు. 2020లో గుజరాత్‌లోని అలంగ్ తీరానికి లాక్కెళ్లి ముక్కలు చేశారు. నాకు ఇప్పటికీ బాధే. కానీ వాటి ఫొటోలున్నాయి, పటాలున్నాయి, రికార్డులున్నాయి. ఓడలు కట్టిన కార్మికుడు, తెప్ప నడిపిన జాలరి, సబ్‌మెరైన్‌లో టార్పెడోమీద నిద్రపోయిన నావికుడు, వీళ్ల మాట రాసిపెట్టకపోతే వీళ్లతోనే పోతుంది. కుర్సురాలో దారి చూపిస్తున్న పెద్దలకు వయసు మీదపడుతోంది. ఇలాంటి సబ్‌మెరైన్లు ఇక మన నౌకాదళంలో లేవు, వాటిలో పనిచేసినవాళ్లు కొత్తగా పుట్టరు.

అందుకని శ్రోతలారా, ముఖ్యంగా విశాఖలో ఉన్నవాళ్లారా, మీ ఇంట్లో రేవులోనో, షిప్‌యార్డులోనో, నేవీలోనో పనిచేసిన తాతగారుంటే ఈ ఆదివారం ఆయన పక్కన కూర్చోండి. ఏ సంవత్సరంలో చేరారు, మొదటిరోజు ఏం పని చేశారు, పక్కన ఎవరెవరు ఉండేవారు, జీతమెంత, దెబ్బలు ఎలా తగిలాయి, అన్నీ అడగండి. చేతిలో ఫోనుంది కదా, రికార్డు చెయ్యండి. పేరు, ఊరు, తేదీ రాసిపెట్టండి. పాత గుర్తింపు కార్డులు, గేటు పాసులు, ఫొటోలు పాతకాగితాలవాడికి వెయ్యకండి. మ్యూజియం వాళ్లకో, విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖకో చూపించండి.

ఇక బయటి ఊళ్లనుంచి వచ్చేవాళ్లకు ఒక్క మాట. కుర్సురాకు సోమవారం సెలవు. మిగతా రోజుల్లో వేళలు కనుక్కుని రండి, రద్దీ లేని సమయం చూసుకోండి, దారి చూపించే పెద్దాయనను కనీసం ఒక్క ప్రశ్నయినా అడగండి.